అవునన్నప్పుడు వేలికి తెలియాలి

ఆపా ఫోన్ చేసినప్పుడు నేను ఒంగోలు బస్టాండులో ఉన్నాను. ఆ రొదలో గొంతు పోల్చుకోలేకపోయాను. "నేనమ్మా, సత్తెనపల్లి నుంచి, మాస్టారి ఇంట్లోంచి" అన్నాక బస్సులకు దూరంగా, గోడ పక్కకు జరిగాను. మాస్టారి భార్యని నేను ఆపా అనే పిలిచేదాన్ని, అక్కా అన్నట్టు.

"మీ మాస్టారు పోయారు తల్లీ. నెల కావస్తోంది. నీ నంబరు ఆయనకైతే నోటికొచ్చు, నాకు రాదు. కాలేజీవాళ్లని అడిగి తెప్పించుకునేసరికి ఇంత ఆలస్యమైంది."

"బాధపడ్డారా ఆపా?"

"లేదమ్మా. ముందురోజు సాయంత్రం దాకా దొరతో పోట్లాడుతూనే ఉన్నారు."

దొర అంటే మనిషి కాదు. ఆయన కంప్యూటర్‌లో మాట్లాడే గొంతు. తెర మీద ఏముంటే అది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్. దాని ఇంగ్లీషు యాస విన్న మొదటిరోజే ఆయన ఆ పేరు పెట్టారు. "ఇన్నాళ్లూ దొరల గురించి పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఒక దొరని ఇంట్లో పెట్టుకుని చాకిరీ చేయించుకుంటున్నాను" అనేవారు. నేనెక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను గోడ పక్కనే ఉండిపోయాను.

సత్తెనపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ లెక్చరర్‌గా చేరేనాటికి ఆయన అక్కడ చరిత్ర చెబుతున్నారు. నీటికాసుల జబ్బుతో అప్పటికే చూపు పూర్తిగా పోయింది. సొంతూరు పర్చూరు దగ్గర అని తెలుసు. ఆయన చదువు గురించి గానీ, చూపు పోయిన కొత్తలో ఎలా తట్టుకున్నారో గానీ నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాకు తెలిసిందల్లా ఆయన చేతులు, ఆయన మాటలు, ఆదివారాల్లో ఆయన ఇంట్లో గడిచిన పూటలు.

జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేది. మీకెందుకు మాస్టారూ అని ఎవరో అంటే, "ఎవరికైనా సంతకానికి కావాల్సొస్తుందిగా" అన్నారు. పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట రాసేవారు. రెండో మాట రాస్తే మొదటిదాని మీద పడుతుందని ఆయన భయం. క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గొంతును బట్టి పట్టేసేవారు. నేను వరండాలో వెళుతుండగా ఒకసారి విన్నాను: "వెనక బెంచీలో బజ్జీలు తింటున్నదెవరో తినండి. కాయితం మాత్రం నలపబోకండి, నాకు పాఠం వినపడటం లేదు."

ఆ ఏడే కాలేజీలో ఇంగ్లీషు మీడియం సెక్షన్ పెట్టారు. ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇవ్వాలన్నారు. ఒకరోజు ఆయన ల్యాబ్ గుమ్మం తడుముకుంటూ లోపలికొచ్చారు.

"మేడమ్, ఈ మిషన్లలో మాట్లాడేది ఏదైనా ఉందా?"

ఆపా తెలుగు చదివి పెట్టేది గానీ ఇంగ్లీషు రాదు. తోటి లెక్చరర్లు చదివి పెట్టేవారు. "అడగటానికి నాకు సిగ్గేం లేదు" అన్నారు. "కాకపోతే వాళ్లు తొందరలో ఉంటారు. తొందరలో ఒకటో రెండో వాక్యాలు మింగేస్తారు. ఏవి మింగారో నాకు తెలియదు. అదే ఇబ్బంది."

డబ్బు పెట్టి కొనాల్సిన ప్రోగ్రాములు ఉన్నాయి, ఆ ధర మా ఇద్దరికీ అందేది కాదు. కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ అనే ఉచిత వ్యవస్థలో అదే పని చేసేది కూడా ఉచితంగా దొరుకుతుంది. ల్యాబ్‌లో పక్కన పడేసిన ఒక పాత మిషన్‌ని ప్రిన్సిపాల్ అనుమతితో ఆయన ఇంటికి చేర్చి, సీడీల నుంచి లినక్స్ ఎక్కించాను. ఇల్లు పత్తి జిన్నింగు మిల్లు వెనక సందులో. సీజన్లో నూగు కిటికీలోంచి వచ్చి కీబోర్డు మీద పడేది. ఆయన ముందు చేతిగుడ్డతో మీటలన్నీ తుడిచి, తర్వాతే కూర్చునేవారు.

కాలేజీలో నన్ను మేడమ్ అనీ మీరనీ అనేవారు. ఇంటి గుమ్మం దాటగానే అమ్మాయ్, నువ్వు. ఈ మార్పు ఒక్కసారి కూడా తారుమారు కాలేదు.

దొర తెలుగును ఖూనీ చేసేవాడు. మాస్టారు పాఠాల నోట్సు తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసుకునేవారు. పల్నాడు అన్న మాట దొర నోట ఏ ద్వీపం పేరులాగానో వినిపించేది. ఆపా వంటింట్లోంచి నవ్వేది. మాస్టారు మాత్రం విసుక్కోకుండా, దొరకు అర్థమయ్యేలా అక్షరాలు మార్చి మార్చి రాసి, చివరికి ఊరిపేర్లన్నీ నేర్పించారు. గొంతు వేగం పెంచుకుంటూ పోయారు. కొన్నాళ్లకు దొర ఏం చెబుతున్నాడో నాకు ఒక్క ముక్క కూడా అందేది కాదు. ఆయన తలాడిస్తూ వినేవారు.

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా వస్తుంది. ఒక ప్యాకేజీ ఇంకొన్నిటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకదాన్ని తీసెయ్యమంటే, దాని మీద ఆధారపడ్డవాటిని కూడా తీసేస్తానంటూ మిషన్ ఒక వరస పేర్లు చూపించి, కానిమ్మంటారా అని అడుగుతుంది. అవునంటే వై మీట నొక్కాలి. మాలాంటివాళ్లం ఆ పేర్లు చదవం. చెయ్యి అలవాటుగా వై మీదికి పోతుంది. ఆయన ప్రతి పేరూ చదివించుకునేవారు. మధ్యలో దొరని ఆపి నన్ను అడిగేవారు.

"ఈయనెవరు? ఎవరి తాలూకు?"

"అది బొమ్మలు చూపించేదానికి సంబంధించింది మాస్టారూ. మీకు అక్కర్లేదు."

"నాకక్కర్లేదు సరే. ఇంకెవరికైనా కావాలేమో కనుక్కున్నావా?"

కనుక్కుంటే ఒక్కోసారి నిజంగానే కావాల్సి ఉండేది. అప్పుడు ఎన్ నొక్కి, "మీరుండండి సార్, మీ జోలికి రాను" అని ఆ ప్యాకేజీకి చెప్పి ఊరుకునేవారు.

ఆపా తమ్ముడికి నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. మంచివాడు, బావంటే ప్రాణం. ఒక శుక్రవారం భోజనానికి వచ్చి, దొర గొంతులో గరగర వినిపిస్తోందని, "సౌండు ప్యాకేజీ తీసి మళ్లీ వేస్తే సరిపోద్ది బావా" అని కూర్చున్నాడు. తియ్యమన్నాడు. పేర్ల వరస వచ్చింది. అతను చదవలేదు. ఆ వరసలో దొర కూడా ఉన్నాడు, తెర మీద కిటికీలూ మెనూలూ చూపించే ప్యాకేజీలూ ఉన్నాయి. అన్నీ పోయాయి. మళ్లీ వేద్దామంటే మిషన్ ఇంటర్నెట్ కోసం వెతికింది. ఫోన్ లైన్ మీద వచ్చే కనెక్షన్ ఆ పూట అందలేదు. నేను పెట్టివెళ్లిన సీడీల సంగతి అతనికి తెలియదు. నేనప్పుడు సెలవు పెట్టి సింగరాయకొండలో, మా ఆయన ఉద్యోగం చేసే చోట ఉన్నాను.

తిరిగొచ్చి వెళ్లేసరికి మాస్టారు ఆగిపోయిన మిషన్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మీటలు తుడిచి ఉన్నాయి. ఆ వారం ప్రశ్నపత్రం మళ్లీ ఎవరి చేతనో చదివించుకున్నారట.

"మీ బావమరిదికి ఫోన్ చేసి నాలుగు మాటలు అంటానుండండి" అన్నాను కోపంగా.

"వాణ్ణి ఏమనబోకమ్మాయ్. తీసి మళ్లీ వెయ్యొచ్చన్నాడు. అందులో సగం వచ్చు వాడికి."

సీడీలు పెట్టి ఒక్కొక్కటే ఎక్కించాను. దొర నోరు విప్పగానే మాస్టారు చెవి అటు పెట్టారు. కాసేపు ఊరికే విన్నారు. వేగం మళ్లీ మామూలుకు వచ్చేసింది, దొర తాపీగా, మర్యాదగా చదువుతున్నాడు. అలా తాపీగా వినడం ఆయనకు నచ్చలేదని మొహంలో తెలుస్తోంది. తర్వాత లేచి వెళ్లి బంక సీసా తెచ్చి, వై మీట కోసం తడిమి, దాని మీద ఒక చుక్క వేశారు. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు.

"ఇదెందుకు మాస్టారూ?"

"అవునన్నప్పుడు వేలికి తెలియాలి."

ఆ రోజు ఆయన అడిగినన్ని ప్రశ్నలు నా విద్యార్థులు ఏడాదంతా అడిగి ఉండరు. తియ్యకుండానే దాని మీదే మళ్లీ వెయ్యడానికి వీల్లేదా? ఉంది, రీఇన్‌స్టాల్ అని ఒక మాట కలిపితే చాలు, పక్కవాటిని కదిలించకుండా అదొక్కదాన్నే తిరిగి రాస్తుంది. తీసేస్తే ఏమేం పోతాయో, నిజంగా తియ్యకుండా ముందే చెప్పించుకోవచ్చా? చెప్పించుకోవచ్చు, ఉత్తుత్తిగా నడిపి చూపించమనే ఆదేశం ఉంది. ప్రోగ్రామ్ తీసేసినా దాని అమరికలు మిగులుతాయా? మామూలుగా తీస్తే మిగులుతాయి, పర్జ్ అన్న మాట వాడితే సిస్టమ్‌లో ఉన్న అమరికలు కూడా తుడిచిపెట్టుకు పోతాయి, మొన్న దొర వేగం పోయింది అలాగే, అందుకని ముందు ఒక నకలు వేరేచోట పెట్టుకోవడం మంచిది.

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"నాకు తెలిస్తేగా అడగటానికి" అని గట్టిగా నవ్వారు. ఆపా మజ్జిగ తెచ్చింది.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి ఆయన సీడీ డ్రైవులో పెట్టి తయారుగా ఉన్నారు.

"అమ్మాయ్, ఇవాళ దొరని నేనే తీసేస్తాను. నువ్వు ఆ కుర్చీలో కూర్చో. మాట్లాడొద్దు. తప్పు కొట్టినా మాట్లాడొద్దు."

"ఎందుకు మాస్టారూ, బాగానే పనిచేస్తోందిగా?"

"బాగానే పనిచేస్తోంది కాబట్టే. అది పోయిన రోజు పక్కన నువ్వుంటావో ఉండవో. నువ్వున్నప్పుడే ఒకసారి పోగొట్టుకుంటాను."

ఆయన ఉపాయం ఇది. దొర పోయాక మిషన్ ఏం చెప్పినా ఆయనకు వినపడదు. కానీ మిషన్ లోపల బీప్ కొట్టే చిన్న స్పీకర్ ఒకటి ఉంటుంది, దానికి దొరతో సంబంధం లేదు. ప్రతి ఆదేశం చివర, పని సరిగ్గా అయితే ఒకసారి బీప్ కొట్టు, కాకపోతే రెండుసార్లు కొట్టు అని కలిపి రాసుకుంటే సరి. ఆ సంగతి నేను మాటల మధ్య చెప్పిందే. దాన్ని ఇలా వాడుకోవచ్చని నాకు తట్టలేదు.

ఉత్తుత్తి ఆదేశంతో పేర్లు చదివించుకున్నారు. దొర ఒక్కడే పోతాడని రూఢి చేసుకున్నారు. అమరికల నకలు తీసి పెట్టారు. అప్పుడు తియ్యమన్నారు. దొర తన పేరు తనే చదివి, కానిమ్మంటారా అని అడిగాడు. మాస్టారి వేలు బంకచుక్క మీద ఆగింది. నొక్కారు. కాసేపటికి గది నిశ్శబ్దమైపోయింది.

పాత మిషన్ కాబట్టి ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది. ఆయన మూడు మీటలు కలిపి నొక్కి అక్షరాలు మాత్రమే ఉండే తెరకి వెళ్లారు. పేరు కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు. ఆదేశం కొట్టారు. తెర నాకు కనిపిస్తోంది. పాస్‌వర్డ్ తప్పు పడింది, క్యాప్స్ లాక్ మీట నొక్కుకుని ఉంది. ఆయన కొట్టిన ఆదేశం లాగిన్ పేరు దగ్గర పడి కూర్చుంది. బీప్ రాలేదు, ఒకటీ రాలేదు, రెండూ రాలేదు.

ఆయన ఎదురుచూశారు. నేను పెదాలు బిగబట్టుకున్నాను. క్యాప్స్ లాక్ అని ఒక్క మాట చెబితే అయిపోతుంది. ఆయన ముఖం నా వైపు తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, జరిగినదంతా మొదటినుంచి మనసులో నెమరేసుకుంటున్నట్టు కూర్చున్నారు. ఆ నిశ్శబ్దానికి అనుమానమొచ్చి ఆపా వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏందీ, ఇద్దరూ మాట్టాడుకోవడం లేదు? పోట్లాడుకున్నారా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చెయ్యెత్తి ఆమెను కూడా ఆపేశారు. ఆపా అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

ఆయన వేళ్లు కీబోర్డు ఎడమ అంచు వెంట పాకాయి. ఒక మీట దగ్గర ఆగి, దాన్ని ఒకసారి నొక్కి వదిలాయి. క్యాప్స్ లాకే. ఎలా తట్టిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మళ్లీ పేరు, మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఆదేశం. సీడీ గిర్రున తిరగడం మొదలైంది. ఆ చప్పుడుకి ఆయన వీపు కుర్చీకి ఆనింది. చాలాసేపటికి బీప్ వచ్చింది. ఇంకోటి వస్తుందేమోనని ముగ్గురం ఎదురుచూశాం. రాలేదు.

మిషన్ ఆపి తిరిగి పెట్టాక దొర మాట్లాడాడు. మాస్టారు లేచి, ఎవరూ లేనివైపు తిరిగి, మోచేతులు చాచి ఒళ్లు విరుచుకున్నారు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. "ఇంకోసారి" అన్నారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు అదే పని. దొరని తియ్యడం, మళ్లీ రప్పించడం. నాకు కుర్చీలో కూర్చోవడం తప్ప పని లేదు.

వేసవి సెలవులకు ముందు కాలేజీ సెక్రటరీగారి నుంచి మాస్టారికి పిలుపు వచ్చింది. సెక్రటరీగారికి మిర్చి వ్యాపారం, గట్టిగా మాట్లాడినా మనసులో చెడు లేని మనిషి. చూపులేని మనిషిని క్లాసుల భారం మోయించడం బాగాలేదని, లైబ్రరీలో కుర్చీ వేస్తే విశ్రాంతిగా ఉంటుందని ఆయన ఆలోచన. మాస్టారు ఒక్కటే అడిగారు. కొత్త సెక్షన్ ప్రశ్నపత్రం నేనే తయారుచేసి మీ ముందు చదివించి దిద్దుతాను, అప్పుడు చెప్పండి అన్నారు.

ఇంటి నుంచి మిషన్‌ను ఆటోలో తెచ్చి ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద పెట్టాం. సెక్రటరీగారు, ప్రిన్సిపాల్, నేను, మాస్టారు. మిషన్ లేస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. మిషన్ మళ్లీ లేచింది, తెర మామూలుగానే వచ్చింది. దొర మాత్రం మాట్లాడలేదు. కరెంటు పోయిన దెబ్బకి దాని ఫైలేదో పాడైనట్టుంది.

నేను ముందుకు వంగాను. మాస్టారు అరచెయ్యి చూపించారు. నేను వెనక్కి జరిగాను.

"ఏమైంది?" అన్నారు సెక్రటరీగారు.

"కొంచెం ఆలస్యమవుతుందండి" అన్నారు మాస్టారు. జేబులోంచి గుడ్డ తీసి మీటలు తుడిచారు. అక్షరాల తెరకి వెళ్లారు. పేరు, పాస్‌వర్డ్. సీడీ పెట్టి, రీఇన్‌స్టాల్ ఆదేశం కొట్టారు. సీడీ తిరగలేదు. రెండు బీప్‌లు వచ్చాయి. ఒక అక్షరం తప్పు పడింది, అది నాకు తెరమీద కనిపిస్తోంది. సెక్రటరీగారికి మిర్చియార్డు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే లేచి, నా వైపు చూసి, పాపం అన్నట్టు తల ఊపి బయటికి వెళ్లారు. కారు కదిలిన చప్పుడు మాస్టారికి కూడా వినిపించే ఉంటుంది. ప్రిన్సిపాల్ పేపరు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టారు.

మాస్టారు మొత్తం మొదటినుంచి కొట్టారు. ఈసారి నెమ్మదిగా, ప్రతి అక్షరానికీ ఆగుతూ. సీడీ తిరిగింది. ఒకే బీప్ వచ్చింది. మిషన్ ఆపి లేపాక, ఆ గదిలో దొర ఒక్కసారిగా గలగలా మాట్లాడేశాడు. ప్రిన్సిపాల్ పేపరు దించారు. మాస్టారు ఆయన కోసం వేగం తగ్గించి ప్రశ్నపత్రం చదివించారు. రెండో ప్రశ్నలో ఒక మాట తప్పుందని ఆపి దిద్దారు. మళ్లీ చదివించారు.

ప్రిన్సిపాల్ చివరిదాకా విన్నారు. మెచ్చుకుంటారని నేను ఎదురుచూస్తున్నాను.

"మూడో ప్రశ్న మరీ కష్టం మాస్టారూ. రైత్వారీ గురించి ఇంత లోతుగా మీరు చెప్పనే లేదు."

"చెప్పాను. మీ అబ్బాయి ఆ రోజు రాలేదు."

"వాడి సంగతి వదిలెయ్యండి. మిగతావాళ్లు?"

"మిగతావాళ్లు రాస్తారండి. వాళ్లు వచ్చారు."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. లైబ్రరీ కుర్చీ ఊసు ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. తర్వాత ప్రిన్సిపాల్ ఏం చెప్పారో గానీ సెక్రటరీగారు కూడా ఎత్తలేదు. మాస్టారు రిటైరయ్యేదాకా పాఠాలే చెప్పారు.

మిషన్‌ని ఆటోలో పంపించేసి, ఇద్దరం నడిచి బయల్దేరాం. ఆయన చెయ్యి నా మోచేతి మీద ఉంది. ఎండ బాగా ఉంది. మిర్చి లారీలు పోతుంటే ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ నడిచాం. మిల్లు సందులోకి తిరిగాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఒక్క నిమిషం నన్ను ముట్టుకోనిచ్చి ఉంటే సెక్రటరీగారు ఉండగానే అయిపోయేది కదా మాస్టారూ. నేను అక్కడే ఉన్నాగా."

"ఈసారి ఉన్నావు. నువ్వు ఒంగోలు ఎప్పుడు వెళుతున్నావు?"

నేను ఆగిపోయాను. ఒంగోలు కాలేజీలో నన్ను తీసుకుంటామని కబురు వచ్చిన మాట నిజం. సింగరాయకొండకు దగ్గర, రోజూ ఇంటి నుంచి వెళ్లిరావచ్చు. కానీ వెళ్లాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వారం వారం నువ్వు మా ఇంట్లోంచి లేచే ముందు, వచ్చే ఏడాది మీకు అది నేర్పిస్తాను, ఇది నేర్పిస్తాను అనేదానివి. సంక్రాంతి వెళ్లాక ఆ మాట అనడం మానేశావు."

ఆయన గుమ్మం తడిమి చెప్పులు విడిచారు.

"వెళ్లు అమ్మాయ్" అన్నారు. "నాకిప్పుడు వచ్చు."